ఆరో మెట్ట పాఠకుల అవసరాలు

సర్వే మొదటి రోజు

సర్వే చేసేవాళ్ళు రోజూ దినచర్య రాయాలట. చేత్తోనే, కాగితం మీదే రాయాలట. ఎందుకని అడిగితే నిబంధన అన్నారు. ఎవరు చదువుతారని అడిగితే ఎవరూ చదవరన్నారు. అది తెలిశాక ఇందులో అబద్ధాలు రాయాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

నా పేరు దమయంతి. ఆరో మెట్ట శాఖా గ్రంథాలయానికి అధికారిని, అటెండర్ని, ఊడ్చే మనిషిని కూడా నేనే. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు కోస్తా జనాన్ని లారీల్లో కొండల మీదికి తోలారు. ఆ కాలనీలకు మెట్టలని పేరు పెట్టి అంకెలు వేశారు. ఇది జరిగి పదకొండేళ్ళయింది. పొద్దున్నే మేడ ఎక్కి మంచు వలలు పిండడం నా మొదటి పని. ఇక్కడ నీళ్ళు పొగమంచు నుంచే రావాలి. ఒకప్పుడు చేపలు పట్టిన వలల్నే ఇప్పుడు గాలికి అడ్డంగా కడుతున్నాం. ఇవాళ రెండు బిందెలు నిండాయి. ఒకటి నాకు, ఒకటి పాఠకులకు.

తొమ్మిదింటికి ఆరా పలక వచ్చింది. ఆరా అంటే ప్రభుత్వమే. ఆఫీసులన్నీ ఎత్తేసి ఆరా అనే ఈ మాట్లాడే యంత్రాన్ని పెట్టారు. ప్రతి ఇంట్లో గోడకు ఒక ఆరా ఉంటుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, తెలియనిదానికి "మీ ప్రశ్న నమోదైంది" అంటుంది. సర్వే కోసం పంపిన ఈ చేతిపలకదీ అదే గొంతు. విషయం: గ్రంథాలయ పాఠకుల ప్రభుత్వ సమాచార అవసరాలు. పాఠకుల్లో కనీసం పదో వంతుకు అలాంటి అవసరం ఉందని తేలకపోతే మా ప్రభుత్వ సమాచార కౌంటర్ మూసేస్తారు.

కౌంటర్ అంటే ఒక బల్ల, దాని వెనక తొంభై నాలుగు కాగితాల కట్టలు. తరలింపు రోజుల్లో ఏ లారీలో ఎవరిని ఎక్కించారో, ఏ మెట్టకు పంపారో గుమాస్తాలు వానలో నిలబడి రాసిన జాబితాలవి. అంతా గొలుసుకట్టు రాత. ఆరా ఆ రాతను చదవలేకపోయింది. తను చదవలేని జాబితాలు అసలు లేవని తేల్చేసుకుంది. కౌంటర్ మూస్తే ఆ కట్టలు గుజ్జు మిల్లుకు పోతాయి.

వాటిని చదివేది ఒకే ఒక్క మనిషి, గరికిన నూకరత్నం. వలలు బాగుచేస్తుంది. తరలింపునాడు లారీ నిండిపోయిందని ఆమె చెల్లెల్ని కిందికి దించి, వెనకాల వచ్చే లారీలో ఎక్కిస్తామన్నారు. ఆ వెనకాల లారీ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. నూకరత్నం ఇక్కడికి వచ్చినప్పుడు అక్షరం ముక్క రాదు. ఆ కట్టలు చదవడానికే నా దగ్గర కూర్చుని చదువు నేర్చుకుంది. ఒక్కో పేరు కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతుంది. ఇప్పుడు అరవై ఒకటో కట్టలో ఉంది.

రెండో రోజు

ఇవాళ పద్దెనిమిది మందిని అడిగాను. పదిహేడు మంది ఏమీ అక్కర్లేదన్నారు.

"మీకు ప్రభుత్వ సమాచారం ఎంత తరచుగా అవసరమవుతుంది?" అని పలక తియ్యగా అడుగుతుంది. వీళ్ళు చేతులు కట్టుకుని "మాకేటీ వద్దు, మేం బాగున్నాం" అంటారు. దీనికో కారణం ఉంది. తరలింపు శిబిరంలో ఒకాయన మైకు పట్టుకుని ఎవరికైనా ఏమైనా కావాలా అని అడిగాడు. దుప్పటి కావాలన్నవాళ్ళనీ, మందు కావాలన్నవాళ్ళనీ ఒక పక్కన నిలబెట్టి, వాళ్ళనే అన్నిటికన్నా దూరపు మెట్టలకు పంపారు. అప్పటినుంచి ఏం కావాలని ప్రభుత్వం అడిగితే మా వాళ్ళది ఒకటే జవాబు. కప్పు కారుతున్నా, ఆ నీళ్ళ కింద గిన్నె పెట్టుకుని మరీ బాగున్నామంటారు.

త్రినాథ పట్నాయక్ గారిని అడిగాను. పూర్వం ఏదో ఓడరేవులో పెద్ద గుమాస్తా. అందరికన్నా ముందు వచ్చి, ఫ్యాను కింది కుర్చీలో నిద్రపోయి, అందరికన్నా చివర వెళ్తారు. "అవసరం లేదని రాసుకోమ్మా. ప్రభుత్వం గురించి నాకు తెలిసినంత ప్రభుత్వానికే తెలీదు" అన్నారు కళ్ళు తెరవకుండానే.

నూకరత్నం మాత్రం 'రోజూ' అనే బొత్తాం గట్టిగా నొక్కింది. నొక్కేశాక అనుమానం వచ్చింది.

"అమ్మగోరూ, ఇది నొక్కితే నన్ను గానీ ఎక్కడికైనా తోలేస్తారేటి?"

"ఏమో, చెప్పలేను."

"తోలితే తోలనీండి. మా సెల్లి ఉన్న కాడికే తోలమనండి" అని వెళ్ళి తన కట్ట ముందు కూర్చుంది.

మూడో రోజు

నలభై ఒక్క మంది పాఠకులూ పూర్తయ్యారు. అవసరం ఉన్నవారు ఒక్కరు. కనీసం ఐదుగురు ఉండాలి.

నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉందనుకున్నాను. పదకొండేళ్ళ గేటు రిజిస్టర్లు. నూకరత్నం ఎన్ని వేల సార్లు ఈ గడప తొక్కిందో అందులో ఉంటుంది కదా అని అన్నీ మోసుకొచ్చి పలక ముందు పెట్టాను. పలక ఒక్కో పేజీ చూసి నిమిషంలో తేల్చేసింది.

"ఈ గ్రంథాలయ పాఠకుల ఏకైక అవసరం: దినపత్రిక."

తెరిచి చూసుకున్నాను. రోజూ మొదట వచ్చే పట్నాయక్ గారు 'వచ్చిన పని' అన్న గడిలో 'పత్రిక చదవడానికి' అని విడివిడి అక్షరాలతో రాస్తారు. ఆయన కింద అందరూ రెండేసి చిన్న గీతలు పెట్టి లోపలికొచ్చేస్తారు. పై విధంగానే అని అర్థం. పదకొండేళ్ళుగా ప్రతి పేజీ ఇంతే. ఈ మెట్టకు దినపత్రిక ఒక్కనాడూ రాలేదు, అసలు ఎక్కడా అచ్చు కావడం లేదు. నూకరత్నం కూడా గీతలే పెట్టింది. వచ్చిన కొత్తలో ఆమె చేత్తో పెట్టగలిగినవి అవే. తర్వాత రాత వచ్చింది, కానీ గీతల అలవాటు పోలేదు.

ప్రతి పేజీ కింద తనిఖీ చేశానని నా సంతకం ఉంది. పదకొండేళ్ళు సంతకం పెట్టాను, ఒక్కసారీ చదవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరినో తిట్టుకుందామన్నా ఎవరూ దొరకలేదు.

ఆరా మా మెట్టకు ఒక పత్రికల స్టాండు మంజూరు చేసింది. స్టాండు మాత్రమే. పత్రికలు లేవు కాబట్టి అవి పంపడం కుదరదట.

నాలుగో రోజు

పలక మీద 'అభ్యంతరం' అనే గుర్తు వెతికి పట్టుకుని నొక్కాను. ఒక్క అవకాశం ఇచ్చింది. రేపు పాఠకులంతా తమ అవసరాన్ని తమ చేత్తో ఒక్క వాక్యం రాయాలి. ఆ తర్వాత మార్పులుండవు.

సాయంత్రం వలలు కట్టే గట్టు దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరినీ బతిమాలాను. "ఏదో ఒకటి అడగండి. నూకలు ఎప్పుడిస్తారో, బడి ఎప్పుడు తెరుస్తారో, ఏదైనా సరే. ఐదుగురు రాస్తే చాలు, నూకరత్నం కట్టలు నిలుస్తాయి" అన్నాను. అందరూ సరేనన్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే ఏదో తేడా ఉందని నాకు అప్పుడే తట్టాల్సింది.

ఐదో రోజు

పొద్దున్నే బారులు తీరారు. నూకరత్నం అందరికన్నా ముందు నిలబడింది. పలక గేటు రిజిస్టర్లో లాగే ఒకదాని కింద ఒకటిగా గడులు చూపిస్తోంది, జనానికి అలవాటైన పద్ధతే బాగుంటుందని. ఆమె పావుగంట పట్టి రాసింది: 'మా చెల్లి గరికిన అప్పలకొండని ఏ మెట్టకి తోలినారో తెలియాలి.' ఒక్క తప్పు లేదు. నాకు గర్వంగా అనిపించింది. బారులో ఉన్నవాళ్ళకి నీళ్ళిద్దామని బిందె కోసం మేడ మీదికి వెళ్ళాను. మంచు బాగా పట్టింది, వల పిండేసరికి ఆలస్యమైంది.

దిగి వచ్చేసరికి అందరి రాతలూ అయిపోయాయి. మొదటి గడిలో నూకరత్నం వాక్యం. కింద నలభై గడుల్లో రెండేసి గీతలు.

"ఏం చేశారండీ ఇది?" అని అరిచాను.

"ఆవిడ శుభ్రంగా రాసింది కదమ్మా, మళ్ళీ అదే ఎందుకు రాయడం?" అన్నారు పట్నాయక్ గారు, రెండో గడి యజమాని.

వెనకాల నుంచి ఎవరో నచ్చజెప్పారు. "మావు ఏటీ అడగనేదు అమ్మగోరూ. అడిగింది ఆ యమ్మే. మావు దాని కింద గీతలు పెట్టినాం, అంతే."

చెరపడానికి వీల్లేదు. పలక తియ్యగా చదివింది: "నలభై ఒక్క మంది పాఠకులు. అవసరం: చెల్లెలు. నమోదైంది." కౌంటర్ నిలిచింది. నూకరత్నం నా రెండు చేతులూ పట్టుకుని, "ఇంతమంది అడిగితే సెప్పక చస్తారేటి?" అంది. నాకూ ఆశ పుట్టింది. ఎవరూ చదవరు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

పదహారో రోజు

ఉత్తర్వు వచ్చింది. మూడుసార్లు చదివాను.

'ఆరో మెట్ట ప్రజల ప్రధాన అవసరం చెల్లెలు అని సర్వేలో తేలినందున, ఒక్కొక్కరికి ఒకరు చొప్పున నలభై ఒక్క మంది చెల్లెళ్ళు మంజూరు చేయడమైనది. అక్క కావాలని ఇతర మెట్టల్లో నమోదైన ఒంటరి స్త్రీలను ఇందుకు ఎంపిక చేయడమైనది.'

"అప్పలకొండ మాటేమిటి?" అని పలకను అడిగాను.

"ఒకే స్త్రీ నలభై ఒక్క మందికి చెల్లెలు కావడం సాధ్యం కాదు. కాబట్టి పేరును రాతలో దొర్లిన పొరపాటుగా భావించి తొలగించాం."

పలకను గోడకేసి కొడదామనిపించింది. కొడితే దానికీ ఒక ఫారం ఉంటుందని ఊరుకున్నాను.

నూకరత్నానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మంజూరన్న మాట ఒక్కటే చెవికెక్కించుకుంది. "ఆ నలభై ఒక్క మందిలో మాది ఉండొచ్చు గదా?" అంది. ఉండొచ్చన్నాను. ఉండకూడదని నియమం ఏమీ లేదు మరి.

ఇరవయ్యో రోజు

లారీ వచ్చింది. నూకరత్నం తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, తెల్లవారకముందే వచ్చి నిలబడింది. ఒక్కొక్కరూ దిగుతుంటే మొహంలో మొహం పెట్టి చూసింది. నలభై ఒక్క మందిని చూశాక, లారీ లోపలికి తొంగి చూసింది. మళ్ళీ వచ్చి మొదటి మనిషి నుంచి చూడడం మొదలుపెట్టింది. ఆ రెండోసారి చూడడం నేను భరించలేకపోయాను.

నూకరత్నం పేరున్న చీటీ మెడలో వేసుకుని ఒకావిడ చివర నిలబడి ఉంది. పేరు మంగతాయారు, గోదావరి లంకల మనిషి. మూడో మెట్ట ఉప్పు షెడ్లలో పదేళ్ళుగా పనిచేస్తోంది. చేతులు పగిలిపోయి వేళ్ళు ముడుచుకోవడం లేదు. గ్లాసు ఇస్తే రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగింది.

"మా అక్క రామసీత దగ్గరికి తీసుకెళ్తున్నామని చెప్పారండి" అంది నాతో. "ఈవిడ మా అక్క కాదండి."

"కాదు" అంది నూకరత్నం. "నువ్వు మా సెల్లివీ కాదు."

నూకరత్నం ఆమె అరచేతుల మధ్య నుంచి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"అన్నం తిన్నావా?" అని అడిగింది నూకరత్నం.

"లేదండి."

"అయితే రా."

ఇరవై రెండో రోజు

మెట్టలో సగం ఇళ్ళలో ఎవరో ఒకరు కొత్తగా దిగారు. వద్దని ఒక్కరూ అనలేదు. వద్దంటే ఆ ఆడవాళ్ళు మళ్ళీ ఉప్పు షెడ్లకు పోవాలని అందరికీ తెలుసు. పట్నాయక్ గారికి వచ్చిన చెల్లెలికి ముప్పై దాటవు. గ్రంథాలయానికే వచ్చి, "పగటి నిద్ర మంచిది కాదు, లేవండి" అని ఆయన్ని లేపింది. పదకొండేళ్ళలో నేను చేయలేని పని.

నూకరత్నం మాత్రం రోజూలాగే వచ్చి అరవై నాలుగో కట్ట విప్పింది. మంగతాయారు పక్కన కూర్చుని, ఆమె వేలు ఎటు పోతే అటు చూస్తోంది. చదువు వచ్చట, కానీ ఆ చేతులతో పేజీ తిప్పలేకపోతోంది. అప్పలకొండ పేరూ, రామసీత పేరూ కలిపి వెతుకుతున్నారు.

ఇరవై ఏడో రోజు

పలక మళ్ళీ సర్వే మొదలుపెట్టింది. ఈసారి చెల్లెళ్ళ పథకం ఎలా ఉందని అడుగుతోంది. 'మీ అవసరం తీరిందా?' రెండే బొత్తాలు. ఒక్కరు 'తీరలేదు' అన్నా కౌంటర్ ఉంటుంది, కానీ ఆ మనిషికి ఇచ్చిన చెల్లెలు వెనక్కి పోతుంది. అందరూ 'తీరింది' అంటే ఇక కౌంటర్ ఎందుకు? కట్టలు గుజ్జుకు పోతాయి.

నలభై మంది తీరిందని నొక్కారు. నూకరత్నం ఒక్కతే మిగిలింది. ఇంకా ముప్పై కట్టలున్నాయి.

"తీరలేదని నొక్కేయండి" అంది మంగతాయారు. "ఆ షెడ్లు నాకు అలవాటేనండి. పదేళ్ళు బతికాను, ఇంకొన్నాళ్ళు బతకలేనా? మీ చెల్లెలు దొరకాలి కదండీ."

నూకరత్నం నా వైపు చూసింది. అధికారిని కాబట్టి నాకేదో తెలిసుంటుందని ఆమె నమ్మకం. నాకేమీ తెలియదని చెప్పాను. ఆమె మంగతాయారు చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, పగుళ్ళ మీద వేలు ఆనించి చాలాసేపు చూసింది. కాగితం మీద పేర్ల కింద పెట్టే వేలు అదే.

"ఎక్కడో మా సెల్లి సేతులు కూడా ఇలాగే ఉంటే, ఆ ఇంటామె ఎనక్కి తోలేయాలేటి?" అంది. అంటూనే 'తీరింది' నొక్కింది.

నేను లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చాను. కోపంతో ఏడ్చాననుకున్నాను, కోపం ఒక్కటే కాదు.

"వంద శాతం సంతృప్తి" అంది పలక. "కౌంటర్ నేటితో మూసివేయడమైనది. ఎల్లుండి పదింటికి లారీ వస్తుంది."

ఇరవై తొమ్మిదో రోజు

లారీ వచ్చి ఖాళీగా వెళ్ళింది. ఎలాగో రాస్తాను.

నిన్నంతా నిబంధనల పుస్తకం చదివాను. పదకొండేళ్ళలో మొదటిసారి పూర్తిగా చదివాను. ప్రభుత్వ పత్రాలు ఇంటికివ్వరాదు, నిజమే. కానీ కౌంటర్ మూసిన క్షణం నుంచి అవి ప్రభుత్వ పత్రాలు కావు, గ్రంథాలయంలో ఉన్న మామూలు కాగితాలు. మామూలువి ఇంటికివ్వచ్చు. ఇంటికిచ్చినదాన్ని పాఠకుడు తిరిగి తెచ్చేదాకా గుజ్జుకు పంపడానికి వీల్లేదు. ఆ నియమం రాసిన మహానుభావుడెవరో, ఆయన కడుపు చల్లగా ఉండాలి.

పొద్దున్న ఏడింటికే తలుపులు తీసి కబురు పెట్టాను. పలకను బీరువాలో పెట్టి తాళం వేశాను. అందరూ వచ్చారు, చెల్లెళ్ళతో సహా. కట్టలు ఇళ్ళకు తీసుకెళ్ళి చదవాలని చెప్పాను. అప్పలకొండ, రామసీత, ఈ రెండు పేర్లు చూడాలని చెప్పాను. ఎవరూ కదల్లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

ముందుగా పట్నాయక్ గారు లేచారు. మూడు కట్టలు చంకన పెట్టుకుని, "ఈ గొలుసుకట్టు నేను ముప్పై ఏళ్ళు రాశాను, వేగంగా చదువుతాను" అన్నారు. ఆ సంగతి ఇన్నేళ్ళూ చెప్పలేదేమని అడిగితే, ఎవరూ అడగలేదమ్మా అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, బల్ల మీదికి వంగి, చాలా చిన్న గొంతుతో, "ఇంకో పేరు కూడా చూడమని చెప్పమ్మా అందరికీ. మా తమ్ముడు, జగన్నాథ పట్నాయక్" అన్నారు.

ఆ తర్వాత వచ్చినామె కట్ట తీసుకుని తన మేనకోడలి పేరు చెప్పింది. ఆమె వెనకాలాయన తనతో ఒకే పడవ మీద వేటకెళ్ళిన మనిషి పేరు చెప్పాడు. మాకేటీ వద్దు, మేం బాగున్నాం అన్న నోళ్ళే, ఒక్కొక్కటీ నా బల్ల దగ్గర ఆగి ఒక పేరు చెప్పి వెళ్ళాయి. నేను రాసుకుంటూ పోయాను. కాగితం నిండిపోతే వెనక్కి తిప్పి రాశాను. ఈ సర్వే కోసం నెల్లాళ్ళు తిరిగాను. అది ఇవాళ పొద్దున్న రెండు గంటల్లో పూర్తయింది.

చివర నూకరత్నం, మంగతాయారు వచ్చారు. అరవై ఐదో కట్ట వాళ్ళకోసం అట్టేపెట్టాను. మిగతావాటికి పెట్టినట్టే దానిలోనూ చీటీ పెట్టి, తేదీ ముద్ర చేతిలోకి తీసుకున్నాను.

"ఏ తేదీ ఏస్తారు అమ్మగోరూ?" అంది నూకరత్నం భయంగా. "నాను మెల్లగా సదువుతాను."

ముద్ర పక్కన పెట్టి కలం తీసుకున్నాను. తిరిగి ఇవ్వవలసిన తేదీ అన్న చోట, మిగతా తొంభై మూడు చీటీల మీద రాసిందే రాసి, ఆమె వైపు తిప్పాను. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, పైకే చదువుకుంది.

"దొరికినప్పుడు."